బిట్‌కాయినా, బంగారమా, చీటీయా, ప్లాటా: డబ్బు ఇరుక్కుంటే ఎవరి గుమ్మం ఎక్కాలో చూసుకుని ఎంచుకోండి

నలుగురు చుట్టాలు కలిస్తే టీ చల్లారేలోపు మాట రాజకీయాల్లోంచి డబ్బులోకి దిగుతుంది. ఈ ప్రభుత్వం మళ్లీ వస్తుందా అన్న చర్చ అమరావతిలో గజం ఎంతుందన్న దగ్గర తేలుతుంది. ట్రంప్ గురించి మొదలైన మాట బిట్‌కాయిన్ దగ్గర ఆగుతుంది. బెంగళూరు బావమరిది ఫోన్ తీసి క్రిప్టో యాప్ చూపిస్తాడు. పెదనాన్న భూమిని మించింది లేదంటాడు. అత్తయ్య చీటీ అంటుంది. అమ్మ ఏమీ అనదు గానీ ఆవిడ ఓటు బంగారానికే అని అందరికీ తెలుసు. ప్రతివాళ్ల దగ్గరా ఒక ఉదాహరణ ఉంటుంది, అదెప్పుడూ లాభం వచ్చిన ఉదాహరణే.

ఈ వాదనల్లో అందరూ చూసేది రాబడి ఒక్కటే. నేను ముందు అడిగేది వేరు. డబ్బు ఇరుక్కుంటే ఎవరి గుమ్మం ఎక్కాలి? అక్కడ కూర్చున్నవాడికి మన మాట వినాల్సిన బాధ్యత చట్టప్రకారం ఉందా? దీనికి జవాబు దొరికాక ఆ డబ్బు మళ్లీ ఎప్పుడు కావాలి, పన్నులూ ఖర్చులూ పోను చేతికి ఎంత వస్తుంది అన్నవి చూడాలి. పార్టీ అభిమానాన్ని మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకూడదు. అది ఎక్కడెక్కడ దూరిపోతుందో ముందుముందు చెబుతాను.

అప్పుంటే ముందు అది

చేతిలో 5 లక్షలుండి, ఇంకోపక్క రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుంటే మిగతాది చదవక్కర్లేదు, వెళ్లి అది తీర్చేయండి. నెలకు నూటికి 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ అప్పు తీర్చడమంటే 24 శాతం మిగుల్చుకోవడమే, దాని మీద పన్ను కూడా లేదు. క్రెడిట్ కార్డు బాకీ అంతకంటే ఘోరం. ఇంటి లోను సంగతి వేరు, 8 శాతం చుట్టూ తిరిగే అప్పును కంగారుపడి తీర్చక్కర్లేదు.

పంట రుణం దగ్గరే రాజకీయం బాగా దెబ్బతీస్తుంది. 3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపు కట్టేస్తే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ఇంత చవగ్గా అప్పిచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. కానీ ఎన్నికలు దగ్గరపడి మాఫీ మాట వినిపిస్తే చాలు, చాలామంది రెన్యువల్ ఆపేస్తారు. మాఫీలు నిజంగానే జరిగాయి, కాదనను. తెలంగాణలో 2024 జూలై, ఆగస్టుల్లో 2 లక్షల దాకా రద్దు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 ఎన్నికల తర్వాత ఇచ్చింది విడతలుగా నడిచింది. ఏ మాఫీ అయినా ఏదో ఒక తేదీతో, షరతులతో, రేషన్ కార్డు లెక్కలతో వస్తుంది. ఆ లోపల ఖాతా గడువు మీరితే రాయితీ పోతుంది, కొత్త అప్పు పుట్టదు, రైతు ఎరువుల కొట్లో అప్పు పెడతాడు. మాఫీ వస్తే సంతోషం. దాన్ని నమ్ముకుని రెన్యువల్ ఆపడం మాత్రం వద్దు.

క్రిప్టో: లాభంలో వాటా ప్రభుత్వానికి, నష్టం మొత్తం మీకు

క్రిప్టో మీద మనవాళ్లకున్న అభిప్రాయాలు రెండే. ఒకటి, ‘అది జూదం’. రెండోది, ‘అప్పట్లో కొనుంటేనా!’ ఈ రెండిటితోనూ ఏమీ తేలదు. మన దేశంలో దాని పరిస్థితి ఏమిటో చూద్దాం.

2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో వ్యాపారాలకు సేవలందించొద్దని బ్యాంకులకు చెప్పింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ లాభం మీద 30 శాతం పన్ను వేశారు. ‘పన్ను వేశారంటే ఒప్పుకున్నట్టే కదా’ అని బావమరిది అంటాడు. లాటరీ గెలిచినా 30 శాతమే కట్టించుకుంటారు మరి. పన్ను కట్టించుకోవడం వేరు, మీ డబ్బుకు పూచీ పడడం వేరు. షేర్లలో మోసం జరిగితే ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఉంది, బ్యాంకు సతాయిస్తే ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. క్రిప్టో ఎక్స్ఛేంజీ మీ డబ్బు ఆపేస్తే ఫిర్యాదు తీసుకునే నియంత్రణ సంస్థ లేదు. ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలన్న నిబంధన 2023 నుంచి ఉంది గానీ, అది నల్లడబ్బు చేతులు మారకుండా చూడడానికి, మీ డబ్బుకు కాపలా కాయడానికి కాదు.

అసలు పన్ను దగ్గరే చాలామందికి లెక్క తెలియదు. ఒక చిన్న ఉదాహరణ. మీరు ఒకే ఏడాదిలో బిట్‌కాయిన్ మీద 1 లక్ష సంపాదించారు, ఇంకో కాయిన్ మీద 1 లక్ష పోగొట్టుకున్నారు. మీ చేతికి మిగిలింది సున్నా. కానీ ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి 1 లక్ష మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 31,200 రూపాయలు కట్టాలి. సంపాదన సున్నా, పన్ను 31,200. ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లడమూ కుదరదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్న ఊరట ఉంది చూశారూ, అది కూడా ఈ లాభానికి వర్తించదు. అదే 1 లక్ష లాభం ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో ఏడాది దాటాక వచ్చి ఉంటే పన్ను ఒక్క రూపాయి కూడా లేదు, ఎందుకంటే అక్కడ ఏడాదికి 1.25 లక్షల దాకా మినహాయింపు, ఆ పైనే 12.5 శాతం.

అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) కూడా పట్టుకుంటారు, లాభమా నష్టమా అని చూడకుండా. రిటర్ను వేస్తే అది తిరిగొస్తుంది లేదా పన్నులో సర్దుకుంటుంది. కానీ లక్ష రూపాయలు పదిసార్లు తిప్పితే దాదాపు 10 వేలు రిఫండ్ వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉండిపోతాయి. రోజూ కొని అమ్మే కుర్రాళ్ల లెక్క ఎక్కువగా ఇక్కడే చెడుతుంది, ధర దగ్గర కాదు.

ఇక గుమ్మం సంగతి. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజీలోంచి హ్యాకర్లు సుమారు 2 వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు ఎత్తుకెళ్లారు. వెంటనే విత్‌డ్రాలు ఆగిపోయాయి. తర్వాతి వ్యవహారం నడిచింది ఎక్కడో తెలుసా, సింగపూర్ హైకోర్టులో! ఇక్కడ ఆధార్, పాన్ ఇచ్చి ఇక్కడి బ్యాంకులోంచి రూపాయలు పంపినవాళ్లు ఆ కోర్టు ఆమోదించే పథకం కోసం ఎదురుచూశారు. ట్రేడింగ్ మళ్లీ మొదలైంది 2025 అక్టోబర్‌లో, అంటే 15 నెలలకు. ఆ మధ్యలో ఎవరింట్లోనైనా ఆస్పత్రి ఖర్చు పడితే కాయిన్లు ఉండీ లేనట్టే.

వాట్సాప్ గ్రూపులో ఎవరో యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన కాయిన్) ఎక్కువ రేటుకు కొంటానంటే, అతనికి నేరుగా అమ్మేసే పద్ధతి ఒకటుంది. అతను పంపే డబ్బు ఏ సైబర్ మోసంలోంచి వచ్చిందో మీకు తెలియదు. నెల తిరక్కుండానే ఏదో రాష్ట్రం పోలీసుల నుంచి మీ బ్యాంకుకు నోటీసు వస్తుంది, మీ జీతం ఖాతా ఫ్రీజ్ అవుతుంది. ఈ పని అసలు వద్దు. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి కొన్ని గంటల్లో చేస్తేనే డబ్బు ఆగే అవకాశం ఉంటుంది.

ధర విషయానికొస్తే, దాన్ని ఇప్పుడు వాషింగ్టన్ ఆడిస్తోంది. 2024 నవంబర్ ఎన్నికల నాటికి 70 వేల డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్, ట్రంప్ గెలిచిన నెలకు 1 లక్ష డాలర్లు దాటింది. 2025 ఏప్రిల్‌లో సుంకాల గొడవతో 80 వేల దిగువకొచ్చింది. అక్టోబర్‌లో 1.26 లక్షలు తాకింది, నవంబర్‌లోనే మళ్లీ 90 వేల కిందికి జారింది. ఒక్క మనిషి పోస్టుకు ఇంత ఊగేదాన్ని పెళ్లి ఖర్చుకో ఫీజులకో దాచుకోగలమా?

అయినా కొనాలనిపిస్తే కొనండి, తప్పేమీ లేదు. పూర్తిగా పోయినా ఇంట్లో దాచకుండా చెప్పుకోగలిగినంతే పెట్టండి. 10 లక్షల పొదుపున్న ఇంటికి అది 20, 30 వేలు దాటదని నా లెక్క. నమోదైన ఎక్స్ఛేంజీలో, సొంత కేవైసీతో, బిట్‌కాయిన్ వరకే. బొమ్మ పేర్లతో వచ్చే కాయిన్ల జోలికి పోవద్దు. రిటర్నులో క్రిప్టోకు విడిగా షెడ్యూల్ ఉంది, అందులో చూపించండి. ఎక్స్ఛేంజీ కోసిన టీడీఎస్ ఎలాగూ మీ పాన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. అన్నట్టు, అమెరికాలో ఉన్న తమ్ముడు ఇచ్చే సలహా ఇక్కడ అతకదు. అతనికి 2024 జనవరి నుంచి బిట్‌కాయిన్ ఈటీఎఫ్ (షేరులా కొని అమ్ముకునే ఫండ్) మామూలు బ్రోకరేజీ ఖాతాలోనే దొరుకుతోంది, అతని పన్ను లెక్కా వేరు.

చీటీ, చేబదులు, ‘నెలకింత’ స్కీములు

చీటీని పెట్టుబడి అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. అది పొదుపూ అప్పూ కలిసిన ఏర్పాటు. పాట ఎలా నడుస్తుందో ఒక నెల చూద్దాం. 5 లక్షల చీటీ, 25 మంది, నెలకు 20 వేలు, 25 నెలలు. ఐదో నెల పాటలో ఒకాయనకు అవసరం గట్టిగా ఉండి 1 లక్ష తగ్గించుకుని పాడుకున్నాడు. ఆయన చేతికి వచ్చేది 4 లక్షలు. ఆ వదులుకున్న లక్షలోంచి కంపెనీ కమీషన్, మొత్తం 5 లక్షల చీటీ మీద 5 శాతం లెక్కన, 25 వేలు పోతే, మిగిలిన 75 వేలు 25 మందికీ పంచుతారు, తలకు 3 వేలు. ఆ నెల మీరు కట్టేది 17 వేలు. చివరిదాకా పాడకుండా ఉన్నవాడికి వడ్డీలాంటిది వస్తుంది, ముందు పాడుకున్నవాడు వడ్డీ కట్టినట్టు. కమీషన్‌ను 7 శాతం దాకా పెంచుకునే వీలు 2019 సవరణతో వచ్చింది కాబట్టి, చేరేముందు మీ చీటీలో ఎంతో అడగండి.

కొట్టు నడిపేవాళ్లకు, బ్యాంకు లోను త్వరగా పుట్టనివాళ్లకు చీటీ నిజంగా ఉపయోగం. జీతం మీద బతుకుతూ చివరి నెల దాకా ఆగగలిగేవాళ్లకు రికరింగ్ డిపాజిట్ చాలు, దానికి షూరిటీల తలనొప్పి ఉండదు. పాడుకున్న డబ్బు తీసుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తుల సంతకాలు తెమ్మన్నప్పుడే చాలామందికి అసలు విషయం తెలుస్తుంది.

రిజిస్టర్డ్ చీటీ అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది, చిట్స్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది. గ్రూపు నంబరు పట్టుకుని వెళ్లి అడగొచ్చు. వీధిలో అక్క నడిపే చీటీకి ఆవిడ మంచితనమే హామీ. ఆవిడ మంచిదే కావచ్చు. పాడుకున్నవాళ్లలో ముగ్గురు ఎగ్గొడితే మాత్రం ఆవిడ ఎక్కడ తెస్తుంది? ఐపీ పెట్టారన్న కబురు మన ఊళ్లకు కొత్త కాదు.

వడ్డీకి తిప్పడం కూడా అంతే. 24 శాతం వింటే నోరూరుతుంది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి 3 ఏళ్లు, ఆ లోపల జమ రాయించుకోవడమో కొత్త నోటు తీసుకోవడమో చేయకపోతే ఆ తర్వాత కోర్టులో పనికిరాదు. 20 వేలు, ఆ పైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం కింద తప్పు, జరిమానా పడేది పుచ్చుకున్నవాడికే గానీ కేసయితే మీరూ ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవాలి.

ఇక నెలకింత ఇస్తాం, ఏజెంటుగా చేరండి అనే కంపెనీలు. అగ్రిగోల్డ్‌ను మరిచిపోయేంత కాలం కాలేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ కంపెనీలో సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు, 2014లో చెల్లింపులు ఆగిపోయాయి. ఆ డబ్బు చివరికి ఎన్నికల హామీ అయింది. 2019 నవంబర్‌లో 10 వేల లోపు కట్టినవాళ్లకు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానాలోంచి ఇచ్చింది. అంతకంటే ఎక్కువ కట్టినవాళ్లు ఆస్తుల వేలం కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. ఎవరి డబ్బుతో ఎవరికి తీర్చారన్నది వేరే చర్చ. మన డబ్బు తిరిగి రావడానికి ఒక పార్టీ గెలవాల్సి వచ్చిందంటే, కట్టిన రోజే అది మన చేయి దాటిపోయిందని అర్థం.

బంగారం

నగ వేరు, బంగారం వేరు. 1 లక్ష విలువైన బంగారంతో గొలుసు చేయించారనుకోండి. తరుగు, మజూరీ కలిపి 12 శాతం అంటే 12 వేలు. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 3,360. బిల్లు 1,15,360. మర్నాడు అమ్మితే మహా అయితే 1 లక్ష, రాళ్లున్న నగ అయితే ఇంకా తక్కువ. వేసుకోవడానికి చేయించుకోండి, అది మీ సరదా, దాన్ని పొదుపు ఖాతాలో మాత్రం రాయొద్దు. పొదుపుకే అయితే గోల్డ్ ఈటీఎఫ్ ఉంది, తరుగు గొడవ లేదు.

బంగారానికి రాజకీయం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి దించితే ధర వెంటనే దిగింది, ముందు వారం కొన్నవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. ప్రభుత్వమే అమ్మిన గోల్డ్ బాండ్లు కొన్నవాళ్లు మాత్రం బాగుపడ్డారు. 2015లో గ్రాము 2,684కు ఇచ్చిన మొదటి బాండు 2023లో 6,132కు తీరింది, పైన ఏటా వడ్డీ. ఆ భారం తనకే ఎక్కువైందని కాబోలు, 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వం కొత్తవి ఇవ్వడం ఆపేసింది.

అమ్మ ఓటు తప్పేమీ కాదు. అర్ధరాత్రి అవసరం వస్తే పొద్దున్నే బ్యాంకు తెరవగానే గొలుసు మీద గంటలో అప్పు పుడుతుంది. ఇంకే ఆస్తికీ ఆ గుణం లేదు. పొదుపులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు ఉంచుకోండి.

బ్యాంకూ పోస్టాఫీసూ

ఇక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దీని గొప్ప. బ్యాంకు మూతపడితే ఒక మనిషికి ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి దాకా అది 1 లక్షే. కోఆపరేటివ్ బ్యాంకు అర శాతం ఎక్కువిస్తోందంటే 5 లక్షలు దాటించొద్దు. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్) వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉంది, 15 ఏళ్లు, పన్ను లేదు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతాలో 8.2 శాతం. అరవై దాటిన నాన్నగారికి సీనియర్ సిటిజన్ స్కీము కూడా 8.2, 30 లక్షల దాకా.

ఈ రేట్లను మూడు నెలలకోసారి కేంద్రం సమీక్షిస్తుంది. 2021 మార్చి 31న పీపీఎఫ్‌ను 6.4కు దించుతూ ఉత్తర్వు ఇచ్చారు, మర్నాడు పొద్దున్నే పొరపాటున వచ్చిందని వెనక్కి తీసుకున్నారు. అప్పుడు బెంగాల్‌లో పోలింగ్ నడుస్తోంది.

షేర్లు, సిప్‌లు, ఎన్నికల ఫలితాలు

పార్టీ అభిమానం ఖరీదు ఎంతో చూడాలంటే 2024 జూన్ మొదటి వారం చాలు. 3వ తేదీ ఎగ్జిట్ పోల్స్ చూసి సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగిరింది. 4న ఓట్ల లెక్కింపులో బీజేపీకి సొంత మెజారిటీ రాలేదని తేలగానే దాదాపు 4,390 పాయింట్లు పడింది. 7వ తేదీకి పడిందంతా తిరిగొచ్చింది. తన పార్టీ గెలుస్తుందని 3న కొని, ‘ఇక అయిపోయింది’ అని 4న అమ్మినవాడు నష్టపోయాడు. నెలకు 5 వేలు సిప్‌లో (నెలనెలా ఫండ్‌లోకి కట్టే వాయిదా) పోతున్నాయని కూడా గుర్తులేనివాడికి ఏమీ కాలేదు. చంద్రబాబు స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఆ రోజుల్లో వరసగా అప్పర్ సర్క్యూట్లు (ఒక రోజులో ఎక్కగల గరిష్ఠ ధర) కొడుతుంటే, కొందామని చూసినవాళ్లకు అమ్మేవాడే దొరకలేదు. పార్టీ గెలుపు చూసి షేరు కొనాలనుకునేవాళ్లకు ఎప్పుడూ ఇదే ఇబ్బంది, మనదాకా వచ్చేసరికి ధరలో అంతా కలిసిపోయి ఉంటుంది.

సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్ ఒకటి చాలు, ఖర్చు తక్కువ. 7 ఏళ్లలోపు కావాల్సిన డబ్బు మాత్రం ఇందులో పెట్టొద్దు. 2020 జనవరిలో 42 వేల దగ్గరున్న సెన్సెక్స్ మార్చికల్లా 26 వేలకు పడింది. ఆ మార్చిలో అమ్మాయి పెళ్లి పెట్టుకున్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

ప్లాటు: ప్రభుత్వం మారితే మారే రేటు

మనవాళ్లకు భూమి మీదున్న ప్రేమ ముందు నా వాదన నిలవదని తెలుసు. అయినా చెబుతాను.

అమరావతి కథ అందరికీ తెలిసిందే. రాజధాని కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌లో (భూసమీకరణలో) ఇచ్చారు, 2015 అక్టోబర్ 22న ప్రధాని శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024 జూన్‌లో ప్రభుత్వ మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభం. ఊపు మీదున్నప్పుడు 2018లో కొన్నవాళ్లకు, ఎవరూ అటు చూడని 2021లో కొన్నవాళ్లకు ఊరు ఒకటే, లెక్క మాత్రం ఒకటి కాదు. విశాఖలోనూ ఇదే ఆట తిరగేసి నడిచింది. ఏ ప్రభుత్వం చేసింది సరి అన్నది మీ ఇష్టం, నేను అటు పోను. ఎన్నికల ఫలితం మీద మాత్రమే రేటు ఆధారపడ్డ చోట మీరు కొంటున్నది స్థలం కాదు, పందెం. క్రిప్టోను జూదమనే పెదనాన్న దీన్ని ఆస్తి అంటాడు.

హైదరాబాద్ చుట్టూ ఇంకో రకం. భూమి రికార్డులు 2020లో ధరణిలోకి, 2025లో భూభారతిలోకి మారాయి. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో కట్టినవి కూల్చడం మొదలైంది. రిజిస్ట్రేషన్ అయింది కదా అన్న ధీమా అక్కడ పనిచేయలేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, లేఅవుట్ అనుమతి, చెరువు మ్యాపు ఇవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే చూడాలి. వకీలు ఫీజు దగ్గర బేరమాడొద్దు.

ప్రీలాంచ్ ఆఫర్ అంటూ చదరపు అడుగు సగం రేటుకే, మొత్తం ఇప్పుడే కట్టండి అంటారు. 500 చదరపు మీటర్లు, లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అమ్మకానికి పెట్టడమే తప్పు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోవడమూ తప్పే. నంబరుంటే రెరా గుమ్మం ఎక్కడం తేలిక, లేకపోతే పోలీసు స్టేషన్, కోర్టు అని తిరగాలి.

20 లక్షల ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడున్నర శాతం లెక్కన 1.5 లక్షలు. అద్దె రాదు. అర్జెంటుగా 2 లక్షలు కావాలంటే ఓ మూల కోసి అమ్మలేం. ఇల్లు కట్టుకుంటామంటే కొనండి, ఎవరు గెలిచినా అక్కడ ఉంటామంటే కొనండి. రెండేళ్లలో రెట్టింపు అన్నవాడి మాట మీద మాత్రం కొనకండి.

ఇంతకీ ఎవరికి ఏది

అప్పుల్లేని, ముప్పై అయిదేళ్ల దంపతులు, ఒక జీతం, ఎనిమిదేళ్ల పాప, చేతిలో 10 లక్షలు అనుకుందాం. నేనైతే ముందు టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా తీసుకోమంటాను, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. 3.5 లక్షలు ఇద్దరి పేర్ల మీద రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీ, అది ఆరు నెలల ఇంటి ఖర్చు. పాపకు సుకన్యలో 1 లక్ష. ఇండెక్స్ ఫండ్‌లో 4 లక్షలు, ఒకేసారి కాకుండా ఏడాది పొడవునా. బంగారం 1 లక్ష. మిగిలిన దాంట్లోంచి పాలసీల ప్రీమియం పోను, చేయి దురద పెడుతుంటే క్రిప్టోలో 20 వేలు.

రిటైరైన నాన్నగారి డబ్బుకు ఈ లెక్క పనికిరాదు. ఆయనకు పోస్టాఫీసు, బ్యాంకు, అంతే. ప్లాటు అమ్మితే వచ్చిన డబ్బుతో ఇంకో ప్లాటు కొనకుండా ఆపగలిగితే అదే పెద్ద సేవ. ఇరవై నాలుగేళ్ల అబ్బాయికి మొదటి జీతం నుంచే 5 వేల సిప్, మూడు నెలల ఖర్చు ఎఫ్‌డీలో ఉంటే చాలు, ఆ తర్వాత వాడి సరదా వాడిది. కొట్టున్నవాళ్లకు ఒక రిజిస్టర్డ్ చీటీ ఉండొచ్చు.

వీటన్నిటికీ నామినీ పెట్టండి. 2025 నవంబర్ నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను రాయొచ్చు. క్రిప్టోను సొంత వాలెట్‌లో దాచుకుంటే నామినీ అనేదే ఉండదు, ఆ పన్నెండో ఇరవై నాలుగో పదాల పాస్‌వర్డు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియకపోతే ఏ కోర్టూ తెరిపించలేదు. పాత ఖాతాలు కూడా ఒకసారి తీసి చూడండి. పెళ్లయి పదేళ్లయినా చాలామంది పాస్‌బుక్కుల్లో నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉంటుంది.